ఏ ఆట ఆడకూడదో రాస్తున్నారు, ఏది ఆడొచ్చో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

విషయం: పిల్లల వీడియో గేముల గురించి, అందులోనూ 1994లో గేమ్‌బాయ్ మీద వచ్చిన డాంకీ కాంగ్ అనే ఆట గురించి.

అయ్యా,

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. రాష్ట్రం వేరైనా మా వీధిలో చాలామందికి పొద్దున్నే తెలుగు పేపర్ చూడకపోతే టీ దిగదు. అలా ఏళ్ల తరబడి మీ పేపర్ చదువుతున్నవాడిగా నేను గమనించిందేటంటే, వీడియో గేమ్ అనే మాట మీ పేపర్లో కనపడిందంటే అది దాదాపు ఎప్పుడూ క్రైమ్ వార్తల పక్కనే కనపడుతుంది. ఫలానా కుర్రాడు తండ్రి ఖాతాలో డబ్బులు పోగొట్టాడు, ఫలానా అబ్బాయి రాత్రంతా నిద్రపోకుండా ఆడి కళ్లు పాడుచేసుకున్నాడు, ఇలాంటివే. 2020 సెప్టెంబర్లో పబ్‌జీ బ్యాన్ చేసినప్పుడు పెద్దగా రాశారు, 2025 ఆగస్టులో డబ్బులు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద పార్లమెంటు చట్టం తెచ్చినప్పుడు ఇంకా పెద్దగా రాశారు. రాయాల్సిందే, తప్పు అనడం లేదు, ఆ ఆటల వల్ల మునిగిపోయిన ఇళ్లు మా ఊళ్లోనూ ఉన్నాయి.

కాని ఒక్క మాట అడుగుతానండి. ప్రతి శుక్రవారం వచ్చే సినిమాకి రివ్యూ వేస్తారు, ఆదివారం పుస్తకాల పరిచయం వేస్తారు, వంటలకి పేజీ ఉంది, రాశిఫలాలకి పేజీ ఉంది. మరి ఇంట్లో పిల్లలు సినిమా కంటే, పుస్తకం కంటే ఎక్కువసేపు గడిపే ఆటల గురించి, ఇది బాగుంది, ఇది చెత్త, ఇది పదేళ్ల పిల్లకి ఇవ్వొచ్చు, ఇది ఇవ్వకూడదు అని చెప్పేవాళ్లు తెలుగులో ఎవరున్నారు? తల్లిదండ్రులకి మిగిలింది రెండే దారులు, ఫోన్ లాక్కోవడం లేకపోతే ఇచ్చేసి ఊరుకోవడం. మంచి ఆట అనేది ఒకటి ఉంటుందని, దాన్ని ఏరి ఇవ్వొచ్చని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

నాకు ఇక్కడ బజార్లో రిపేరు షాపు ఉంది. ఒకప్పుడు టీవీలు, టేప్ రికార్డర్లు చేసేవాణ్ని, ఇప్పుడు ఎక్కువ ఫోన్లే. డిస్‌ప్లే పగిలిందని, చార్జింగ్ ఎక్కడం లేదని వస్తారు, పనయ్యేదాకా స్టూలు మీద కూర్చుంటారు, కూర్చున్నంతసేపూ పిల్లల గురించే. "ఈ గుంటడు ఫోన్ వదలడం లేదు బాబూ, ఇందులో గేములు పనిచెయ్యకుండా ఏదైనా చెయ్యి" అని అడిగే తల్లులు చాలామంది. నేను గేములు తీసేస్తాను, వారం తిరక్కుండా ఆ పిల్లాడే మళ్లీ వేసుకుంటాడు, ఇది వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకని తీసేయడం కాదు, బదులు ఏమివ్వాలో చెప్పాలి అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నన్ను ఒక్క ఆట పేరు చెప్పమంటే ఈ డాంకీ కాంగే చెబుతాను.

ముందు గేమ్‌బాయ్ అంటే ఏంటో ఈ కాలం పిల్లలకి చెప్పాలి. 1989లో జపాన్‌లో నింటెండో కంపెనీ తెచ్చిన చేతిలో పట్టే గేమ్ మెషిన్ అది. మన దగ్గర తొంభైల్లో తిరునాళ్లలో అమ్మిన బ్రిక్ గేమ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఇటుకలు పడుతుంటే పేర్చే ఆట, ఒకే మెషిన్‌లో వేలకొద్దీ ఆటలున్నాయని డబ్బా మీద రాసేవాళ్లు. గేమ్‌బాయ్ చేతిలో పట్టుకుంటే అలాగే ఉంటుంది గానీ దీనికి వెనకాల క్యాసెట్ మారుతుంది, అంటే ఒక్కో ఆటకి ఒక్కో క్యాసెట్. నాకు ఇది మా చిన్నాన్న సింగపూర్లో షిప్‌యార్డులో పనిచేసి తిరిగొచ్చినప్పుడు తెచ్చిచ్చాడు, మా పక్క శ్రీకాకుళం జిల్లా నుంచీ మా వైపు నుంచీ అలా వెళ్లినవాళ్లు ఎందరో. దానితో పాటు వచ్చిన క్యాసెట్టే డాంకీ కాంగ్. ఆ మెషిన్ ఇప్పటికీ నా షాపు కౌంటర్ మీద ఉంది, ఇప్పటికీ పనిచేస్తోంది.

డాంకీ కాంగ్ అనగానే ఆటల గురించి తెలిసినవాళ్లు ఓహో ఆ పాతదా అంటారు. అక్కడే ఈ ఆటకి అన్యాయం జరిగింది. 1981లో షిగెరు మియామోటో అనే ఆయన ఆ పేరుతో ఒక ఆర్కేడ్ ఆట తయారుచేశాడు, అంటే డబ్బులేసి నిలబడి ఆడే పెద్ద పెట్టె ఆట. ఒక పెద్ద కోతి పాలీన్ అనే అమ్మాయిని ఎత్తుకుపోయి ఇనప దూలాల పైన కూర్చుని పీపాలు దొర్లిస్తుంటుంది, కింద నుంచి ఒకడు నిచ్చెనలు ఎక్కుతూ పీపాల మీంచి దూకుతూ పైకి పోవాలి. ఆ ఎక్కేవాడే తర్వాత మారియో అయ్యాడు, తొంభైల్లో టీవీకి తగిలించే గేముల్లో మనమంతా ఆడిన ఆ మీసాలాయనే. ఆ ఆర్కేడ్ ఆటలో మొత్తం నాలుగే తెరలు, అవి అయిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

1994లో గేమ్‌బాయ్ మీద అదే పేరు పెట్టి తెచ్చేసరికి చాలామంది పాతదాన్నే చిన్న మెషిన్‌లోకి దించారనుకున్నారు. ఆడడం మొదలుపెడితే నిజంగా అలాగే ఉంటుంది కూడా, ఆ నాలుగు తెరలే వరసగా వస్తాయి. నాలుగోది అయ్యాక కోతి పైనుంచి దభీమని కింద పడుతుంది, మారియో పాలీన్ కలుస్తారు, ఇక శుభం కార్డు పడాలి అనుకుంటాం. అప్పుడు ఆ పడిపోయిన కోతి లేస్తుంది! లేచి మళ్లీ పాలీన్‌ని ఎత్తుకుని పారిపోతుంది, మారియో వెనకాల పరుగు, అసలు ఆట అక్కడ మొదలు. ఆ నాలుగు కాక ఇంకా 97 స్టేజీలున్నాయి, మొత్తం 101. ఊరు, అడవి, ఓడ, దట్టమైన అడవి, ఎడారి, విమానం, మంచుకొండ, రాళ్ల లోయ, చివరికి బురుజు, ఇలా చోటు మారుతూ పోతుంది. మొదట ఆడినప్పుడు ఆ కోతి లేచిన క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇన్నేళ్లలో ఇంకే ఆటలోనూ కలగలేదంటే నమ్మండి, ఒక ఆట మనతో అలా మాట్లాడగలదని అప్పుడే తెలిసింది.

ఇక ఆడే పద్ధతి. దూకుతూ ఎక్కుతూ పోయే ఆటే గానీ కాళ్లతో పాటు బుర్ర కూడా పరుగెత్తాలి. చాలా స్టేజీల్లో ఎక్కడో ఒక తాళంచెవి ఉంటుంది, ఇంకెక్కడో తాళం వేసిన తలుపు ఉంటుంది. తాళంచెవి నెత్తిన పెట్టుకుని తలుపు దాకా చేరాలి, టైం అయిపోయేలోపు. ఇంతే. కాని మధ్యలో నిచ్చెన ఉండదు, లేదా మీట లాగితే ఒక దారి తెరుచుకుని ఇంకోటి మూసుకుపోతుంది, లేదా తాళంచెవి ఉన్న చోట నుంచి దూకితే చచ్చేంత లోతు. కొన్ని చోట్ల ఒక గుర్తు దొరుకుతుంది, అది ముట్టుకుంటే మనకి కావలసిన చోట తాత్కాలికంగా ఒక నిచ్చెనో వంతెనో స్ప్రింగో పెట్టుకోవచ్చు, కాసేపటికి అది మాయమైపోతుంది. తాళంచెవిని ఎక్కడైనా వదిలేసి ఊరకే తిరిగితే కొన్ని సెకన్లలో అది మళ్లీ మొదటున్న చోటికి వెళ్లిపోతుంది. అందుకని ముందు దాన్ని అవతలి గట్టు మీదకి విసిరి, తను వేరే దారిన చుట్టూ తిరిగి, అది మాయమయ్యేలోపు అందుకోవాలి, ఇలాంటి లెక్కలు. ఒక్కో స్టేజీ ఒకటి రెండు నిమిషాల పని, కాని ఆ నిమిషం ముందు కూర్చుని తెరంతా చూసి ఎటు ఎక్కి ఎటు దిగాలా అని ఆలోచించాలి. మా షాపులో ఆడే పిల్లలు మొదట గబగబా నొక్కేస్తారు, ఫోన్ ఆటల అలవాటు కదా, రెండు మూడు సార్లు చచ్చాక చేతులాపి చూడ్డం మొదలెడతారు. ఆ చూడ్డం దగ్గరే ఈ ఆట గొప్పతనం.

మారియో ఇందులో చేసే విద్యలు చూడాలి. అప్పటి మామూలు మారియో ఆటల్లో ఎక్కువగా పరుగు, దూకడం అంతే. ఇందులో చేతుల మీద తలకిందులుగా నిలబడతాడు, అలా నిలబడినప్పుడు పైనుంచి పడే పీపాలని కాళ్లతో తన్నేస్తాడు, అక్కడి నుంచే దూకితే మామూలు కంటే ఎత్తు లేస్తాడు. పరుగెడుతూ ఠక్కున వెనక్కి తిరిగి దూకితే వెనక్కి పల్టీ. తీగ పట్టుకుని గిరగిరా తిరిగి ఆ ఊపుతో పైకి ఎగురుతాడు, మన దొమ్మరాటలో గడ మీద ఆడేవాళ్లలాగే. సుత్తి దొరికితే దాన్ని పైకి విసిరి, తను పై అంతస్తుకి ఎక్కి, మళ్లీ పట్టుకోవచ్చు, ఇది చెయ్యొచ్చని కనిపెట్టినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! కొన్ని జంతువుల నెత్తి మీద నిలబడి సవారీ చెయ్యొచ్చు, కొన్నిటిని ఎత్తి విసరొచ్చు. అదే సమయంలో ఈ మారియో ఎముకలున్న మనిషి, ఎత్తు నుంచి పడితే దెబ్బ తగిలి కాసేపు లేవలేడు, ఇంకా ఎత్తు నుంచి పడితే ప్రాణమే పోతుంది. కాబట్టి ఎత్తు అంటే భయం ఉంటుంది, ఆ భయమే దూకిన ప్రతిసారీ గుండె ఝల్లుమనిపిస్తుంది.

ఈ విద్యలన్నీ ఎలా నేర్పుతుందంటే, ఒక్క అక్షరం చదివించకుండా నేర్పుతుంది. మధ్యమధ్యలో చిన్న బొమ్మల సీను వస్తుంది, అందులో కోతి ఏదో పన్నాగం పన్నుతుంది, మారియో ఒక కొత్త విద్య చేసి తప్పించుకుంటాడు లేదా దెబ్బ తింటాడు. అంతే, మాటలు లేవు. చూసిన పిల్లాడు తర్వాత స్టేజీలో అదే చేస్తాడు. సరిహద్దులో ఉండే మాలాంటి వాళ్లకి ఇది ఎంత పెద్ద సంగతో మీకు చెప్పాలి. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా రాస్తారు, ఫోన్ తెరిస్తే ఇంగ్లీషు, టీవీలో హిందీ. ఈ మధ్య వచ్చే ఆటలన్నీ మొదటి పది నిమిషాలు ఇంగ్లీషులో పాఠాలు చెబుతూనే ఉంటాయి, ఇది నొక్కు అది నొక్కు అని బాణాలేసి చూపించి, చివరికి కొనమంటాయి. గుమ్మ వైపు కొండల నుంచి ఒక సవర గిరిజన ఆయన ఫోన్ బాగుచేయించుకోడానికి కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు, ఆ పిల్లాడికి నా తెలుగు అంతంతమాత్రం, వాడి సవర నాకు రాదు. గేమ్‌బాయ్ చేతికిచ్చాను. ఆ బొమ్మల సీను చూసి, తలెత్తి నన్ను చూసి, చేతుల మీద నిలబడే విద్య నేనేమీ చెప్పకుండానే చేసి చూపించాడు. తర్వాత అక్కడే స్టూలు మీద ఉన్న మా వీధి పిల్ల, వాడు ఇద్దరూ ఒకే తెర మీద తలలు ఆనించి, వేలు పెట్టి ఇటు అటు అని చూపించుకుంటూ ఆడారు, ఫోన్ పని ఎప్పుడో అయిపోయినా తండ్రి లేవలేదు. మా ఊళ్లోనే ఉండి వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామ్మూర్తి పంతులుగారు సవరలతో కలిసి తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు తయారుచేశారు. పిల్లాడికి అర్థమయ్యే దారిలోనే పిల్లాడికి చెప్పాలి అన్నది మా ఊరికి కొత్త ఆలోచన కాదండి, అందుకే ఈ ఆట నాకు ఇంత దగ్గరైందేమో.

ఇంత మంచి ఆట మరి ఎందుకు మరుగున పడింది అంటే, పేరు ఒక కారణం, చెప్పాను కదా. రెండోది టైం. ఇది వచ్చింది 1994 జూన్‌లో, అప్పటికి గేమ్‌బాయ్ వచ్చి ఐదేళ్లయింది, అందరి చూపూ టీవీకి తగిలించే రంగుల మెషిన్ల మీదే. పైగా అదే ఏడాది నవంబర్లో నింటెండోదే డాంకీ కాంగ్ కంట్రీ వచ్చింది, పెద్ద మెషిన్ మీద, కంప్యూటర్‌తో చేసిన మెరిసిపోయే బొమ్మలతో, అది కోట్లాది రూపాయలు సంపాదించింది, కోతి పేరు చెబితే లోకమంతా దాన్నే తలుచుకుంది. దాని పక్కన నాలుగు ఛాయల రంగు లేని ఆటని ఎవరు చూస్తారు. నింటెండో వాళ్లు మాత్రం దీన్ని తక్కువగా చూడలేదు, గేమ్‌బాయ్ క్యాసెట్‌ని టీవీ మీద రంగుల్లో ఆడుకునే సూపర్ గేమ్‌బాయ్ అనే పరికరం వచ్చినప్పుడు దానికి తగ్గట్టు ముందుగా తయారుచేసిన ఆట ఇదే, అందులో పెడితే చుట్టూ పాత ఆర్కేడ్ పెట్టె బొమ్మ వస్తుంది, పాలీన్ కేక కూడా గొంతుతో వినపడుతుంది. ఆటలు తయారుచేసేవాళ్లు, ఎన్నో ఆడినవాళ్లు దీన్ని ఇప్పటికీ గేమ్‌బాయ్‌లో వచ్చిన మంచివాటిలో ఒకటిగా లెక్కేస్తారు, బయట మామూలు జనానికే తెలీదు.

రిపేరు పనివాడిగా నాకు గేమ్‌బాయ్ మీద ఇంకో రకం గౌరవం ఉంది, అది చెప్పకపోతే ఉత్తరం పూర్తి కాదు. దాన్ని తయారుచేసినాయన గున్‌పే యోకోయ్. 1981 నాటి డాంకీ కాంగ్ తయారీని పైనుండి చూసుకున్నదీ ఆయనే. ఆయన పద్ధతి ఏంటంటే కొత్తగా వచ్చిన ఖరీదైన సామాను వెనకాల పరుగెత్తకుండా, అప్పటికే చవకైపోయి, బాగా అలవాటైన సామానే తీసుకుని కొత్త రకంగా వాడడం. పోటీ కంపెనీలు రంగుల తెరలతో మెషిన్లు తెస్తే ఆయన రంగు లేని తెర పెట్టాడు, అడ్డం 160 నిలువు 144 చుక్కలు, నాలుగే ఛాయలు. ఫలితం, రంగుల మెషిన్లు కొద్ది గంటల్లోనే సెల్స్ తినేసేవి, గేమ్‌బాయ్ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలకి పైనే ఆడేది. ధరా తక్కువ, దెబ్బలకీ తట్టుకునేది. గేమ్‌బాయ్, దాని తర్వాత వచ్చిన గేమ్‌బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 80 లక్షలకి పైగా అమ్ముడుపోయాయి. నేను విప్పి చూసిన ఈ కాలం ఫోన్లలో బ్యాటరీని జిగురుతో అతికించేస్తున్నారు, విప్పాలంటే సగం ఫోన్ పాడవుతుంది. ఈ గేమ్‌బాయ్ మాత్రం మరలు తీస్తే విడిపోతుంది, లోపల ఏ ముక్క ఎందుకుందో చూస్తే తెలుస్తుంది, బటన్ల కింద రబ్బరు తుడిచి పెడితే మళ్లీ కొత్తదానిలా నొక్కుకుంటుంది. యోకోయ్ 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయన చేసిన వస్తువు పర్లాకిమిడి బజార్లో ఒక కౌంటర్ మీద ఇంకా తిరుగుతోంది.

ఆట మీద నాకున్న అభ్యంతరాలు కూడా రాస్తాను, రివ్యూ అంటే పొగడ్త మాత్రమే కాదు కదా. పాత గేమ్‌బాయ్ తెర వెనకాల లైటు లేదు, కరెంటు పోయిన రాత్రి ఆడలేం, పగటి వెలుగులో కూర్చోవాలి. మొదటి మూడు చోట్లు కాస్త చెయ్యి తిరిగినవాళ్లకి మరీ తేలిగ్గా ఉంటాయి, ప్రాణాలు, అంటే చచ్చినా మళ్లీ ఆడే ఛాన్సులు, ఇబ్బడిముబ్బడిగా వస్తాయి, అందులోనూ పాలీన్ టోపీ, గొడుగు, సంచి మూడూ ఏరుకుంటే బోనస్ ఆట ఆడిస్తుంది, అక్కడ ఇంకా ప్రాణాలు. అసలు గట్టి స్టేజీలు మంచుకొండ దాటాక గాని రావు, అక్కడి దాకా ఓపిక పట్టాలి. ఇంకోటి మా అమ్మాయి అన్న మాట, "నాన్నా, ఆ పాలీన్ 101 స్టేజీలూ కేకలేస్తూనే ఉంటదా, ఒక్కసారైనా తనే తప్పించుకోదా" అని. నిజమే, అమ్మాయిని ఎత్తుకుపోవడం, వాడెవడో రక్షించడం, అప్పటి ఆటలన్నిటికీ ఇదే కథ, దీన్ని నేను సమర్థించను. 2017లో వచ్చిన సూపర్ మారియో ఒడిస్సీ ఆటలో అదే పాలీన్ ఒక నగరానికి మేయర్‌గా కనపడుతుందని చెబితే మా అమ్మాయి మనసు కాస్త చల్లబడింది.

కాని ఈ లోపాలేవీ నా మాటని మార్చవు. ఈ ఆటకి ముగింపు ఉంది. చివర్లో కోతి మష్రూముల వల్ల కొండంత అవుతుంది, దాన్ని ఓడిస్తే ఆట అయిపోతుంది, పిల్లాడు మెషిన్ పక్కన పెట్టి అన్నానికి లేస్తాడు. మళ్లీ మళ్లీ రమ్మని గంట కొట్టే నోటిఫికేషన్ లేదు, రోజూ రాకపోతే బహుమతి పోతుందన్న బెదిరింపు లేదు, మధ్యలో యాడ్ లేదు, కొనమని అడిగే డైమండ్లు లేవు, నెట్ అక్కర్లేదు. మా జిల్లాలో కొండల మీద సిగ్నల్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ చివరి మాట విలువ తెలుస్తుంది. ఇది ఆడితే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను, అలా చెప్పి అమ్మేవాళ్లని నేను నమ్మను. మంచి కథ పిల్లాడికి ఎందుకు చెబుతామో అందుకే మంచి ఆట ఇవ్వాలి, అంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. కొత్త క్యాసెట్ దొరకదు. నింటెండో వాళ్లు 2011లో 3డీఎస్ అనే మెషిన్ మీద దీన్ని ఆన్‌లైన్‌లో అమ్మారు, ఆ దుకాణం 2023 మార్చిలో మూసేశారు. గేమ్‌బాయ్ మీదే ఆడాలంటే పాత మెషిన్, పాత క్యాసెట్ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవాలి, విదేశాల్లో మనవాళ్లుంటే వాళ్లు వచ్చేటప్పుడు తెమ్మనొచ్చు. కొనేముందు ఒక జాగ్రత్త, ఆట ఎక్కడిదాకా ఆడామో గుర్తుపెట్టుకోడానికి క్యాసెట్ లోపల గుండ్రటి బటన్ సెల్ ఉంటుంది, ఇన్నేళ్లకి అది అయిపోయే ఉంటుంది, ఆట నడుస్తుంది గాని సేవ్ ఉండదు. భయపడక్కర్లేదు, సోల్డరింగ్ తెలిసిన ఏ రిపేరు పనివాడైనా పాత సెల్ తీసి కొత్తది వెయ్యగలడు, కాకపోతే సెల్‌కి రేకు ముక్కలు ముందే అతికించి ఉన్నది తెచ్చుకోండి, వట్టి సెల్‌ని నేరుగా వేడి చేస్తే ప్రమాదం. క్యాసెట్ పెట్టినా తెర మీద ఏమీ రాకపోతే ఊదకండి, నోటి తడికి ఇంకా తుప్పు పడుతుంది, దూదికి స్పిరిట్ అద్ది బంగారు రంగు పళ్లు తుడవండి. ఇంత తిప్పలు పడలేం అనుకునేవాళ్లకి ఇదే వరసలో 2004లో మారియో వర్సెస్ డాంకీ కాంగ్ అని ఇంకోటి వచ్చింది, దాన్నే 2024 ఫిబ్రవరిలో స్విచ్ అనే నింటెండో మెషిన్‌కి తిరిగి చేశారు, తాళంచెవి తలుపు పద్ధతి అదే, రంగులూ ఉన్నాయి, ఇద్దరు కలిసి ఆడొచ్చు కూడా. నాకు పాతదానిలో ఉన్న బిగువు అందులో కనపడలేదు గానీ, అదీ మంచిదే, పిల్లలకి నిర్భయంగా ఇవ్వొచ్చు.

కనక ఎడిటర్ గారూ, నా మనవి ఇది. మీ ఆదివారం పిల్లల పేజీలో చుక్కలు కలిపే బొమ్మ పక్కన నాలుగంగుళాలు ఖాళీ ఇవ్వండి. వారానికో ఆట. అది పాతదైనా కొత్తదైనా, ఫోన్‌లోదైనా చేతి మెషిన్‌దైనా, ఆడినవాళ్లతోనే రాయించండి. ఎంతసేపు పడుతుంది, డబ్బులు అడుగుతుందా, నెట్ కావాలా, చదువు రాని పిల్లాడు ఆడగలడా, ఎక్కడ అయిపోతుంది, ఈ సంగతులు ముందు రాయండి, తర్వాత అది ఎందుకు బాగుందో రాయండి. వైజాగ్‌లో, హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే కుర్రాళ్లు ఉన్నారు, వాళ్లని అడగండి, చదివేవాళ్లని కూడా అడగండి, నాలాంటి వాళ్లు రాస్తారు. మొదటి వారానికి ఈ డాంకీ కాంగ్ వెయ్యమని అడుగుతున్నాను, ఫొటో కావాలంటే మా మెషిన్ తీసి పంపిస్తాను. ఈ ఉత్తరం పొడుగైందని కోసేయాల్సొస్తే మెషిన్ గురించి రాసింది కోసేయండి, ఆట ఎలా ఆడాలో చెప్పిన భాగం మాత్రం ఉంచండి.

ఇట్లు,
రిపేరు షాపు నడుపుకునే మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.